బీరకాయ, పెసరుపప్పు, నా అద్దె గది

ఆ రోజుల్లో మనిషి మారాలంటే ముందు మూకుడు మారాలని నాకు గట్టి నమ్మకం. కేసముద్రం మార్కెట్లో కొత్త కొలువు, ఒక అద్దె గది, ఒక చిన్న పొయ్యి. అమ్మ షరతు ఒక్కటే: "పాణం ఖరాబైతే జనగామల అక్క ఇంట్ల ఉండాలె, గంతే!" అంటే బావ ఉపన్యాసాలు వింటూ, రోజూ రైల్లో వేలాడుతూ రావాలన్నమాట. గదిని కాపాడుకోవాలంటే ఆరోగ్యం కాపాడుకోవాలి. అందుకే ఫోన్లో వీడియోలు చూసి ఉడికించిన బీరకాయ, పలుచని పెసరుపప్పు, మజ్జిగ మొదలుపెట్టాను. నూనె లేదు, కారం లేదు. (రుచి కూడా ఉండదని వీడియోలో చెప్పలేదు.)

కొన్నాళ్ళకు లోకం తీరు మారింది. ఇంటి యజమానురాలు, నేను పెద్దమ్మా అని పిలిచే ఆమె, వాకిట్లో ఆపి, "జర ఎండల నిలవడు కొడుకా" అంటూ నా కంటిరెప్ప కిందికి లాగి చూసింది.

"ఏంది పెద్దమ్మా?"

"ఏం లేదు తియ్యి. అందరికి అయితయి, పోతయి."

ఏమవుతాయో, ఎక్కడికి పోతాయో నాకు అంతుపట్టలేదు. కిరాణా కొట్టతనూ నా కళ్ళలోకే చూస్తూ, అడగకుండానే పటికబెల్లం కట్టాడు. తిండి మహిమ, అందగాణ్నవుతున్నానేమో అనుకున్నాను.

ఆదివారం జఫర్‌గఢ్ నుంచి అమ్మ దిగింది. చేతిలో సీసా, నిండా ఆకుపచ్చని పసరు, గుమ్మంలోనే ఏడుపు. "కామెర్లయితే కన్నతల్లికి చెప్పవారా?"

"కామెర్లా? ఎవరికి?"

"మరి గా సప్పిడి కూడు ఎవలు తింటరు?" అంది పెద్దమ్మ. "నీ పథ్యం సూసే నేను ఫోన్ చేసిన."

ఆరోగ్యం కోసం తింటున్నానన్నాను. రోగం మెదడుకెక్కిందన్నట్టు ఇద్దరూ జాలిగా చూశారు. అమ్మ నా చొక్కాలు సంచిలో కుక్కసాగింది. "నడువు అక్క తానికి!"

"నాకేం కాలే! కావాలంటే కారం పెట్టి సూడు!"

పెద్దమ్మ నాటుకోడి కూర గిన్నె తెచ్చింది. చెరోవైపు కూర్చుని, ముద్దముద్దకూ నా ముఖం పరీక్షించారు. కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతుండగా గిన్నె ఖాళీ చేశాను. చొక్కాలు మళ్ళీ కొక్కేనికెక్కాయి. గది దక్కింది.

సాయంత్రం అమ్మను బస్సెక్కించి వచ్చి, గెలిచినవాడిలా తలుపు మూసి పొయ్యి వెలిగించాను. చేయి ఏం తలిచిందో, ఇద్దరికి సరిపడా బియ్యం కడిగింది. అప్పుడు కళ్ళెందుకు చెమర్చాయో తెలియలేదు. కారం ఇంకా దిగలేదనుకున్నాను. అప్పటి నన్ను, ఆ పిచ్చివాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వెళ్ళి పక్కన కూర్చుని, ఆ రెండో కంచం నేనే తినిపెట్టాలనిపిస్తుంది.