పెట్టె మీద పేరు

జూబ్లీహిల్స్ లాయరు ఆ రోజు నాకు రెండు దారులు చెప్పాడు. వీలునామా రాస్తే నేను పోయేదాకా ఇల్లు నాదే. తర్వాత నా కూతుళ్ళిద్దరూ కోర్టుకెక్కవచ్చు. ట్రస్టు పెడితే గొడవ తక్కువ, కానీ ఇల్లు ఇప్పుడే ట్రస్టు పేరు మీదికి పోతుంది. "ఉండేది మాత్రం మీరేనండీ" అన్నాడు. మరి నేను ఎవరింట్లో ఉన్నట్టు?

ఫిలింనగర్‌లో బస్సెక్కినా ఆ ముక్క బుర్రకెక్కలేదు. పక్కన సినిమాలకు జడలల్లే ఒకావిడ కూర్చుంది. ఒళ్ళో సామాను పెట్టె. మూత మీద ఒక పేరు చెరిపేసి ఇంకో పేరు రాశారు. ఎవరిదని అడిగాను.

"పెద్ద కోడలిదమ్మా. నేను పోయినంక కోడండ్లిద్దరు కొట్లాడొద్దని కొబ్బరికాయ కొట్టి ఇప్పుడే ఇచ్చేసిన. నాకింకా పనుంది గద, రోజూ అడిగి తెచ్చుకుంటున్న."

"మీ పెట్టెను మీరే అడగడమేంటండీ?"

"మొదట్ల నోరు రాలే. ఇప్పుడు దువ్వెన విరిగినా ఆమెకు చెప్తున్న."

అది సుఖమో కష్టమో ఆవిడ ముఖం చూస్తే తెలియలేదు. కృష్ణానగర్‌లో దిగేటప్పుడు ఆ పెట్టెను ఎరువు తెచ్చిన నగలా రెండు చేతులా పట్టుకుంది.

శ్రీనగర్ కాలనీలో మా ఇంటికొచ్చి కాలింగ్ బెల్ నొక్కాను. లోపల ఎవరూ లేరు. తాళంచెవి నా చేతిలోనే ఉంది.