సిత్రా క్యాంపులో పచ్చబొట్టు

మిలటరీ నుంచి రిటైరైన ఏడాదే బహ్రెయిన్ వెళ్లాను. సిత్రాలో చమురు ట్యాంకుల యార్డు, రెండో గేటు డ్యూటీ. దిగింది ఆగస్టులో. గాలి లేదు, ఉక్క. గేటు దగ్గరికి నడిచేసరికే యూనిఫారం ఒంటికి అతుక్కుపోయింది. తుపాకీ ఇవ్వలేదు. టార్చి, వాకీటాకీ, నీళ్ల సీసా ఇచ్చారు.

మాజీ సైనికులం ముగ్గురం. సూపర్‌వైజరు మా శ్రీకాకుళం వైపు సుబేదారు గారు. ఒకటో గేటులో నాగాలాండ్ జవాను. నాగా భాయ్ అనేవాళ్లం.

అతనికి వెదురు పుల్లతో పచ్చబొట్టు పొడవడం వచ్చు. పుల్ల చివర ముల్లు కట్టి, మసిలో ముంచి, చర్మం మీద ఆనించి, ఇంకో కర్రతో మెల్లగా తట్టేవాడు. వాళ్ల తాత నేర్పిన పని. మేం ఉండే క్యాంపులో అలాంటివి నిషేధం, చెయ్యనన్నాడు. సుబేదారు గారే వదల్లేదు.

"ముగ్గురికీ ఒకే గుర్తు పొడు భాయ్. మనది ఒక సెక్షన్," అన్నారు. నావైపు తిరిగి, "ఏటి తమ్ముడూ, భయమేటి? ఒకడికి దెబ్బ తగిల్తే ముగ్గురికీ తగిలినట్టే," అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం, అందరికంటే ముందు ఆయనే చెయ్యి చాపారు. మోచేతి కింద ఈటె మొన. తర్వాత నాకు. ఆఖర్న నాగా భాయ్ తన చేతికి తానే పొడుచుకున్నాడు.

చెమటకి నా చెయ్యి చీము పట్టింది. సేఫ్టీ ఆఫీసరు చూశాడు. నేనే పొడుచుకున్నానన్నాను. నమ్మలేదు. గదులు వెతికిస్తే నాగా భాయ్ గదిలో వెదురు పుల్లలు దొరికాయి. వాకీటాకీలో అతన్ని పిలిచాను.

"గేటు వన్, నీ కోసం వస్తున్నారు."

"రానీ భాయ్. సాబ్ ఉన్నారు కదా."

ఆఫీసులో మమ్మల్ని ముగ్గుర్నీ నిలబెట్టి, మేనేజరు ఎవరి అనుమతితో చేశారని అడిగాడు. సుబేదారు గారు ఆ రోజు పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చారు.

"నాకు తెలీదు సార్. వీడే చాటుగా చేశాడు."

"సాబ్, మీ చొక్కా చెయ్యి పైకి మడవండి," అన్నాను. ఆయన కదల్లేదు. మేనేజరు కాగితం మీద నుంచి తలెత్తలేదు. "ఖలాస్," అన్నాడు. నాగా భాయ్ వీసా రద్దయింది.

బయట సుబేదారు గారు నా భుజం మీద చెయ్యి వేయబోయారు. "నా ఉజ్జోగం నాకుండాల కదా తమ్ముడూ."

పక్కకి జరిగాను. కాంట్రాక్టు అయ్యేదాకా ఆయనతో డ్యూటీ మాటలు తప్ప వేరే మాట ఆడలేదు. తర్వాత ఇంటికొచ్చేశాను.

రెండు యుద్ధభూములు చూసినవాణ్ని. అవేవీ నిద్రలోకి రావు. ఆ ఆఫీసు గది వస్తుంది. "వీడే" అన్న మాట విన్నాక కూడా నాగా భాయ్ సావధాన్‌లోనే నిలబడి ఉన్నాడు. చూపు సుబేదారు గారి మీద. ఆయన ఇంకా ఏదో చెప్పాల్సి ఉందని, చెబుతారని, ఎదురుచూస్తూ.