పేరు పోయిన రెండు సీసాలు

హైస్కూలు సైన్సు ల్యాబులో అటెండరుగా పనిచేసే ఆవిడను పిల్లలు సీసాల పిన్ని అంటారు. ఆవిడ చదివింది ఏడో తరగతి. అయినా ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో ఏ సీసా ఏ అరలో ఉందో చూడకుండా చెప్పగలదు. సీసా వంచేటప్పుడు లేబుల్ అరచేతివైపు ఉండాలని ఆవిడకు ఎవరూ నేర్పలేదు. కారిన చుక్క లేబుల్ని తినేయడం చూసి తనే నేర్చుకుంది.

ఏటా తొమ్మిదో తరగతి నుంచి ఒకరిని ల్యాబు సహాయానికి తీసుకుంటారు. బడి వదిలాక గంట పని. ఏడాది చివర ఇచ్చే సర్టిఫికెట్ ఉంటే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటు తేలిక. ఈసారి ఆ చోటు కోసం దర్జీ కూతురు పట్టుబట్టింది. సైన్సులో ఆ అమ్మాయివి అత్తెసరు మార్కులు. మాస్టారు ఫస్టు ర్యాంకు కుర్రాడి పేరు రాసేయబోతుంటే, ఒక్క వారం ఈ పిల్లను చూద్దామని పిన్ని అడ్డుపడింది. ఆయన సరేనన్నారు.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. గాజుకు గాజు తగిలిన చప్పుడైనా వినబడలేదు. ఐదో రోజు పిన్ని స్టోరుకి వెళ్లి వచ్చేసరికి కింది అరలోని సీసాలు తళతళలాడుతున్నాయి. మూతలు బిగించి, సబ్బునీళ్లలో ముంచి తోమింది పిల్ల. అందులో రెండింటి లేబుళ్లు నాని ఊడిపోయాయి. ఒకదానిలో పలచని ఆసిడ్, ఒకదానిలో ఉప్పునీళ్లు. చూపుకి రెండూ మంచినీళ్లే.

ఊడిన లేబుళ్లు తొట్టిలోనే ఉన్నాయి. తీసి అతికించేస్తే అడిగేవాళ్లు లేరు. పిల్ల మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూస్తోంది.

“పిన్నీ, ఏది దేనిదో నాకు తెలీదు. ఎడమ పక్కది ఆసిడ్ అనిపిస్తోంది గానీ, గట్టిగా చెప్పలేను.”

“పసిపిల్లకి నీళ్లు పోసినట్టు పోశావు కదే తల్లీ,” అని నిట్టూర్చి, పిన్ని రెండింటి మీదా ‘తెలియదు’ అని రాయించింది.

మరునాడు మాస్టారు ఆ సీసాలు చూశారు. ముందే చెప్పానుగా అన్నారు. కుర్రాణ్ణి పిలిపిస్తానన్నారు.

“తప్పు తప్పే సార్, కాదనను,” అంది పిన్ని. “కానీ ఎడమది ఆసిడ్ అన్న తన అంచనా మీద అతికించేసి ఉంటే, అది తప్పో ఒప్పో ప్రాక్టికల్సు రోజున పిల్లల చేతుల్లో బయటపడేది. తెలీనప్పుడు తెలీదని చెప్పే మనిషి చాలు నాకు. మిగతాది నేను నేర్పుకుంటాను.”

మాస్టారు నీలి లిట్మస్ కాగితాలు తీసి పిల్ల చేతిలో పెట్టారు. ఆమె గాజుకడ్డీతో ఒక్కో చుక్క తీసి తాకించింది. ఎడమ సీసా చుక్కకు కాగితం రంగు మారలేదు. కుడి సీసా చుక్కకు ఎర్రబడింది. ఆమె అనుకున్నదానికి సరిగ్గా తారుమారు. మాస్టారు ఆ ఎర్రటి కాగితాన్ని ఒకసారి, పిల్లను ఒకసారి చూసి, రిజిస్టరు తెరిచి ఆమె పేరు రాశారు.

పిన్ని కొత్త లేబుళ్లు, పెన్ను ఇచ్చింది. “ఇకమీదట సీసాని ముంచకు. తడిగుడ్డ చాలు.”

పిల్ల రాసి అతికించి, ఆరాక సీసాను అరలో పెట్టడానికి ఎత్తింది. లేబుల్ అరచేతివైపు తిప్పి పట్టుకుంది. ఆ సంగతి పిన్ని ఇంకా చెప్పనేలేదు.