ఇరవై నిమిషాలు చూసి ఇచ్చిన గ్యారంటీ

మొన్న ఆదివారం ఏమైందో తెలుసా? మా ఓనర్ ఇంట్ల కూసొని, ఆయన పెట్టిన మిర్చి బజ్జీలు తినుకుంట, నా గొయ్యి నేనే తవ్వుకున్న!

ఏ సినిమా వచ్చినా ఒపీనియన్ చెప్పకపోతే నాకు తిన్నది అరగదు గదా. ఆఫీసుల నా పేరే రివ్యూ భాయ్. ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ ల్యాగ్, మ్యూజిక్ మస్తు... అసలు ముచ్చటేందంటే, నేను ఏదీ పూర్తిగ చూడ. లంచ్ బ్రేక్‌ల ఇరవై నిమిషాలు చూస్త, మిగిలింది అందాజగ చెప్పేస్త. ఇన్నేండ్లల్ల ఒక్కడు పట్టుకోలే!

లాల్‌దర్వాజాల మేం పైన కిరాయికుంటం, ఓనర్ అన్న కింద. ఏసీ పెట్టించుకుంటనని మూడు నెలల సంది అడుగుతున్న. పైపు కోసం గోడకు చిన్న బొక్క కొట్టాలె, అంతే.

"మా నాయిన కట్టిన గోడ తమ్మీ. బొక్క కొడితే ఏడుస్తది" అంటడు.

ఇగ మా ఆవిడ చెప్పేసింది: "ఈ ఎండకాలం ఏసీ రాకపోతే నేను మా అమ్మగారింటికి పోత."

సరే, అన్నను నవ్వించి అడుగుదామని ప్లాన్ వేసిన. "కొత్త కామెడీ షో వచ్చిందన్నా. ఇంటిల్లిపాది చూడొచ్చు. నాది గ్యారంటీ!"

నేను చూసింది ఇరవై నిమిషాలే.

మధ్యాహ్నం నా ఫోను వాళ్ళ టీవీకి కనెక్ట్ చేసిన. దివాన్ మీద అన్న, వాళ్ళమ్మ. పక్కన నేను, మా ఆవిడ. టీవీల ఒక పిలగాడు మైకు పట్టుకొని పెండ్లి భోజనాల మీద జోకులు చెప్తుండు. అమ్మ కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్వుతుంది, అన్న తొడ చరుసుకుంటుండు. ఇదే టైమని నోరు తెరిచిన. అంతల్నే ఆ పిలగాడు "ఇగ మా హౌస్ ఓనర్ ముచ్చట" అన్నడు!

ఆ ఓనర్ పైకొచ్చి నల్లాలు కట్టేసిన్రా లేదా చూస్తడంట. గుమ్మం ముంగట చెప్పులు లెక్కవెట్టి, చుట్టాలు ఎప్పుడు పోతరని అడుగుతడంట. మా అన్న రెండూ చేస్తడు! అన్న నవ్వు ఆగింది. మా ఆవిడ నన్ను గిచ్చుతనే ఉంది.

పిలగాడు ఆగుతలేడు: "క్యాలెండర్ కోసం మేకు కొడితే, గోడ ఏడుస్తదన్నడు మా ఓనర్!"

ఎంత ఆపుకున్నా నాకు నవ్వు ఆగలే. నోట్ల మిర్చి అన్న అంగీ మీద పడ్డది.

"తమ్మీ, గీ పిలగాడు నీ దోస్తా?"

"వాడెవడో నాకు తెల్వదన్నా!"

"మరి నా మాట వానికెవరు చెప్పిన్రు?"

"ఒట్టన్నా, నేను గీడిదాక చూడనే లేదు!"

"మరి గ్యారంటీ అన్నవ్?"

"ఇరవై నిమిషాలకే అన్నా..."

ఏసీ పాయె, ఇల్లు కూడా ఖాళీ చెయ్యాల్సిందే అనుకున్న. అప్పుడు అమ్మ పకపకా నవ్వుకుంట, "ఆ టీవీల ఓనర్ అచ్చం నీ లెక్కనే ఉన్నడు రా! మీ నాయినా గింతే, ఫొటో తగిలిస్తనంటే మేకు కొట్టనియ్యలే. పెట్టుకోనియ్ రా ఏసీ!" అన్నది. అమ్మ చెప్పినంక అన్న సరేనన్నడు.

బుధవారం ఏసీ వచ్చింది. మా ఆవిడ ఖుష్. కానీ అన్నకు కామెడీ రుచి మరిగింది. రోజూ పొద్దున చాయ్ హోటల్ల నన్ను పక్కన కూసోవెట్టుకొని మొదలువెడ్తడు: "మా పైన ఒకడున్నడు. పెండ్లి కార్డు చూసి భోజనం ఎట్లుందో చెప్తడు!" హోటలంత ఒకటే నవ్వు. ఏసీ పెట్టనిచ్చిన మనిషాయె, నేనూ నవ్వాలె.

నిజం చెప్పాలంటే అన్న టైమింగ్ బాగుంది. ఐదుకు నాలుగిస్త. ఇదొక్కటి మాత్రం పూర్తిగ చూసే చెప్తున్న, మధ్యల లేవనిస్తలేడు!