మెక్సికోలో కళ్ళాపి

చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చించి పారేయాలంటారు మా వైపు. ఇంట్లో ఉంచుకోకూడదట. పోయిన మంగళవారం స్కూలు నుంచి వచ్చేసరికి అలాంటి కార్డు ఒకటి తలుపు సందులో పడి ఉంది. "మా వారు శుక్రవారం ఉదయం గుండెనొప్పితో కాలం చేశారు. అలాంటిదేమైనా జరిగితే మీకు తెలియపరచమని ఇదివరకోసారి అన్నారు." అంతే, రెండు ముక్కలు, నిడదవోలు నుంచి. నేను చించలేదు. హాజరు పట్టీలో పెట్టుకున్నాను. చించేస్తే ఈ నాలుగు మాటలూ రాయనేమోనని భయం వేసింది. పదేళ్ళుగా నోరు విప్పనిదాన్ని, నామీద నాకు ఆ మాత్రం అనుమానం ఉండాలి.

ఆయన్ని ఊరంతా పైలట్ గారు అనే పిలిచేవాళ్ళం. విమానం దూరమయ్యాక కూడా నేను అలాగే పిలిచాను. ఇక్కడా అలాగే రాస్తాను.

మొగల్తూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న ఊరు మాది. అక్కడి ఎలిమెంటరీ స్కూల్లో నేను అప్పుడే చేరిన టీచర్ని. మా ఊరి షావుకారు గారు రాజమండ్రిలో బియ్యం, రొయ్యల వ్యాపారం మీద బాగా గడించి, పాతదే అయినా నాలుగు సీట్ల విమానం ఒకటి కొన్నారు. కారు కొన్నవాళ్ళని చూశాం గానీ విమానం కొన్నవాళ్ళని అంతకుముందు చూళ్ళేదు. దాన్ని రాజమండ్రి దగ్గర పాత విమానాల మైదానంలో ఉంచి, సొంత ఊరికి వచ్చిపోవడానికని మా స్కూలు పక్కనున్న తన చవిటి నేలని చదును చేయించారు. ఆ విమానం నడపడానికి జీతానికి కుదిరిన మనిషే పైలట్ గారు.

పైలట్ అంటే పిల్లలు ఏదో ఊహించుకున్నారు, నేనూ అంతే. తీరా తలుపు తీసుకుని దిగింది ఎవరయ్యా అంటే పొట్టిగా, బట్టతలతో, భుజాన తువ్వాలు వేసుకున్న ఒక నడివయసు మనిషి. దిగగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఉత్తికాళ్ళతో నడిచారు. తిరిగి బయల్దేరే ముందు మళ్ళీ నడిచారు. వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నేల కాలిపోతోంది కదండీ, చెప్పులేసుకుని నడవకూడదా?"

"చెప్పులకి తెలీదండీ టీచర్ గారూ, కాళ్ళకి తెలుస్తుంది. మనకి జారని నేల చక్రానికీ జారదు," అన్నారు.

షావుకారు గారు ఊళ్ళో పనులు చూసుకునేసరికి సాయంత్రం అయ్యేది. అంతసేపూ ఆయన మైదానం చివరి పాకలో కూర్చుని జేబులోంచి వేయించిన వేరుశనగ గుళ్ళు తీసి ఒక్కొక్కటే తినేవారు. ఆ పాకలో ఒక రంగుల బొమ్మ గుచ్చి పెట్టుకున్నారు. ఆయన విమానం నేర్చుకున్నచోట ఎవరో పారేసిన ఇంగ్లీషు పత్రికలోదట. మెక్సికో దేశపు సముద్రం ఒడ్డు. కొబ్బరి చెట్ల కింద ఇసకలోనే చిన్న చిన్న విమానాలు నాలుగు నిలబడి ఉన్నాయి. ఒకదాని రెక్క నీడలో జాలరివాళ్ళు చేపలు కాల్చుకుంటున్నారు.

"అక్కడ సొంత విమానం ఉన్నవాళ్ళు ఇలా పల్లె పల్లెకీ దిగుతూ పోతారటండీ. ఈ పూట ఈ ఒడ్డున, రేపు ఇంకో ఒడ్డున. మనకి మాత్రం ఏం తక్కువ? కొబ్బరి చెట్లున్నాయి, సముద్రం ఉంది, చేపలున్నాయి. ఉప్పాడ దగ్గర మొదలెట్టి ఇక్కడిదాకా ఊరూరా దిగుతూ, ఊరూరా పులుసు తింటూ రావాలని నా కోరిక."

"దిగండి మరి, ఎవరొద్దన్నారు?"

"ఉప్పాడలో నేల చూసి పెట్టుకున్నానండీ. మరుసటేడు వెళ్ళేసరికి సముద్రం పట్టుకుపోయింది," అని ఆయన పకపకా నవ్వారు.

మా పిల్లలు ఆ మాటలు విని చవిటి నేలకి మెక్సికో అని పేరు పెట్టేశారు. "టీచర్, మెక్సికోలో గేదెలు పడ్డాయి!" అని తరగతి మధ్యలో లేచి అరిచేవారు. తర్వాత ఊరు ఊరంతా అదే పేరు పట్టుకుంది.

విమానం వచ్చే రోజు ముందుగానే కబురందేది. మైదానానికి ఒక ముసలి కాపలాదారు ఉండేవాడు. అతను పశువుల్ని తోలేసి, పచ్చిగడ్డి కలిపిన ఎండుగడ్డికి నిప్పు పెట్టి పొగ వేసేవాడు. గాలి ఎటు ఉందో పైనుంచి తెలియడానికి ఆ పొగ. అయితే పైలట్ గారు దానికి ఇంకో కట్టుబాటు కూడా పెట్టారు. మైదానంలో పశువు ఉండకూడదు, మనిషి ఉండకూడదు, తడి ఉండకూడదు. ఈ మూడూ లేవని చూసుకున్నాకే పొగ వెయ్యాలి. పొగ లేకపోతే ఆయన ఒక చుట్టు తిరిగి వెనక్కి వెళ్ళిపోతారు. కాపలాదారు ఊళ్ళో లేనప్పుడు ఆ పని నాకు అప్పజెప్పేవారు.

"పైకెళ్ళాక నా కళ్ళు మీ దగ్గరే ఉంటాయండీ టీచర్ గారూ," అనేవారు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయేదాన్నో.

ఒక వర్షాకాలం చివర మా అమ్మకి కడుపులో నొప్పి వచ్చింది. మెలికలు తిరిగిపోతోంది. రోడ్డు నీళ్ళలో ఉంది, బస్సు లేదు. నరసాపురం చేరేసరికే పొద్దుపోతుంది. మెరక మీదున్న మైదానం మాత్రం అప్పటికే ఆరిపోయి, ఆ రోజు విమానం పాక దగ్గర ఉంది. షావుకారు గారు ఊళ్ళో భోజనం చేసి పడుకున్నారు. నేను ఏడుస్తూ వెళ్ళాను. పైలట్ గారు ఒక్క మాట అడగలేదు. నేలంతా నడిచి చూసుకుని, అమ్మని ఎక్కించమన్నారు. అరగంటలో రాజమండ్రి దగ్గర దిగాం. సాయంత్రానికి ఆపరేషన్ అయిపోయింది. ఇంకో పూట ఆలస్యమైతే బతికేది కాదన్నారు డాక్టరు గారు. అడక్కుండా విమానం తీసినందుకు షావుకారు గారు ఆయన్ని నలుగురి ముందూ చెడామడా తిట్టారు. "అవునండీ, తప్పేనండీ," అని తల వంచుకు నిలబడ్డారాయన. మా అమ్మ ఇవాళ్టికీ బతికే ఉంది. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, నేను ఎవరికి ద్రోహం చేశానో మీకు బాగా తెలియాలి.

ఆ తర్వాతి వేసవిలో షావుకారు గారి కొడుక్కి పెళ్ళయింది. కొత్త కోడలు మొదటిసారి అత్తవారి ఊరికి విమానంలో వస్తోంది. ఓయబ్బో, ఆ హడావుడి ఇంతా అంతా కాదు. కొత్త కోడలు అడుగు పెట్టే చోటు వాకిలి లాంటిదే గదా, బోసి నేల మీద దిగుతుందా అనిపించింది. అనిపించింది ఇంకెవరికో కాదు, నాకే. పదిమంది ఆడవాళ్ళని పోగేశాను. విమానం వచ్చి ఆగే చివర అంతా బిందెలతో పేడనీళ్ళు కళ్ళాపి చల్లించాను. పాక ముందు ఈ చివర నుంచి ఆ చివరకి రథం ముగ్గు వేశాం. ఆ ముగ్గు నా చేత్తో వేశాను.

విమానం తొమ్మిదింటికి రావాలి. రాలేదు. ముహూర్తం కోసం రాజమండ్రిలోనే ఆగారని తర్వాత తెలిసింది. పదిన్నరకి కళ్ళాపి ఎండి తెల్లబారిపోయింది. "ఏంటి టీచరమ్మగోరూ, ఎలిసిపోయినట్టు కనపడతంది," అంది ఒకామె. "అయితే ముగ్గు చెరక్కుండా చుట్టూ మళ్ళీ చల్లండి," అన్నాను నేను. రెండోసారి మొదటిసారికంటే ఎక్కువ చల్లారు. అంతలో మోత వినిపించింది. కాపలాదారు బ్యాండుమేళం వాళ్ళని తీసుకురావడానికి వెళ్ళాడు. నేను మైదానం కేసి చూశాను. పశువు లేదు. ఆడవాళ్ళని పక్కకి పంపేశాను, మనిషి లేదు. పొగ వేశాను.

తడి మాటే గుర్తు రాలేదా అంటారేమో. గుర్తు వచ్చింది. కానీ తడి అంటే వాన. వానపడి ఆరు నెలలైంది. కళ్ళాపి తడి ఎలా అవుతుంది? పుట్టి బుద్ధెరిగాక ప్రతి పొద్దూ చల్లే కళ్ళాపిని నేనెప్పుడూ తడి అనుకోలేదు. అది శుభం, అంతే.

విమానం చక్కగా దిగింది. సగం దూరం చక్కగానే వచ్చింది. కళ్ళాపి దగ్గరికి వచ్చేసరికి ఆ గట్టి చవిటి నేల మీద నూనె పోసినట్టు పక్కకి జారింది. నా ముగ్గు మీదుగా అడ్డంగా పోయి మురుగు కాలవలో ముక్కు పెట్టింది. పంకా వంగిపోయింది, రెక్క విరిగింది. కొత్త కోడలికి భుజం ఎముక విరిగింది. మిగిలినవాళ్ళకి దెబ్బలతో పోయింది. పైలట్ గారు నుదుటిన రక్తం కారుతుంటే ముందు వాళ్ళందర్నీ దింపి, ఆ తర్వాత తాను దిగారు. దిగి కింద చూసుకున్నారు. ఆయన చెప్పులకి పేడ అంటుకుని ఉంది. తలెత్తి నన్ను చూశారు.

పది రోజులకి మద్రాసు నుంచి విచారణకి ఒక ఆఫీసరు గారు వచ్చారు. అప్పటికి కళ్ళాపి లేదు, ముగ్గు గాలికి పోయింది. ముందురోజు షావుకారు గారి గుమస్తా మా ఇంటికొచ్చాడు.

"కళ్ళాపి ఊసెత్తకండి టీచర్ గారూ, మైదానం మనదాయె, తప్పు షావుకారు గారి మీదకొస్తది. చల్లినోళ్ళంతా మన రొయ్యల షెడ్డులో పనిచేసేవాళ్ళే, వాళ్ళ పొట్ట కొట్టినట్టవుద్ది. మీ స్కూలు కూడా షావుకారు గారి స్థలంలోనే ఉందాయె."

ఈ గుమస్తా మీద నెట్టేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ నిజం చెప్పాలి. వాడు రాకపోయినా నేను చెప్పేదాన్ని కాదు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పొగ వేసింది నేనే అని ఒప్పుకుంటే అది పోతుందని భయపడ్డాను.

ఆఫీసరు గారు మా స్కూల్లో కుర్చీ వేసుకుని అడిగారు. "ఆ రోజు నేల ఎలా ఉందమ్మా?"

"పొడిగానే ఉందండి. వాన లేదండి," అన్నాను.

పైలట్ గారు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఆ మాట ఆయనకి వినిపించింది. కాసేపటికి ఆయన్ని పిలిచి అడిగితే, "జోరుగా దిగానండీ. నాదే పొరపాటు," అన్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా టీచర్ గారూ," అన్నారు. ఇచ్చాను. మొహం పక్కకి తిప్పుకుని ఇవ్వడంతో నీళ్ళు ఆయన చొక్కా మీద ఒలికాయి. "ఫర్లేదండీ," అన్నారు.

లైసెన్సు రద్దయింది. షావుకారు గారు పనిలోంచి తీసేశారు. ఆయన నిడదవోలు స్టేషను దగ్గర డీజిలు ఇంజన్లు బాగుచేసే కొట్లో కుదురుకున్నారు. నాలుగేళ్ళ తర్వాత ఒకసారి అక్కడ రైలు మారుతూ వెళ్ళి కలిశాను. ఒంటినిండా గ్రీజు. నన్ను చూసి తువ్వాలుతో బల్ల తుడిచి కూర్చోమన్నారు, టీ తెప్పించారు. అమ్మ ఎలా ఉందని అడిగారు. నేను చెప్పాలని వెళ్ళిన మాట వదిలేసి అమ్మ సంగతులే చెప్పాను. ఆయనే అన్నారు.

"ముగ్గు బాగుందండీ టీచర్ గారూ. పైనుంచి ఎంత చక్కగా కనపడిందో. నేల తడిసినట్టు కూడా అనిపించింది. అయినా మీరు పొగ వేశారు గదా అని దిగిపోయాను."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే తట్టుకునేదాన్ని. రైలుకి టైమైందని లేచి వచ్చేశాను. సిగ్గులేనిదాన్ని, ఆ తర్వాత ఆరేళ్ళలో ఒక్క ఉత్తరమైనా రాయలేదు.

కార్డు అందిన మూడో రోజున వెళ్ళాను. పెంకుటిల్లు, చిన్న వాకిలి. ఆయన భార్యని అప్పుడే మొదటిసారి చూశాను. గోడకి ఆ మెక్సికో బొమ్మ ఉంది, అంచులు చెదపట్టి. ఆవిడ అడిగారు.

"మీరు ఆ రోజు అక్కడే ఉన్నారటగదండీ. ఒక్క మాట చెప్పండి. నిజంగానే ఈయన అంత జోరుగా దిగారా?"

"లేదండీ అక్కయ్యగారూ," అన్నాను. మొత్తం చెప్పాను. కళ్ళాపి సంగతి, రెండోసారి చల్లించిన సంగతి, పొగ సంగతి, ఆఫీసరు గారికి చెప్పిన అబద్ధం, అన్నీ.

నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ గోడకేసి చూస్తూ అన్నారు.

"పదేళ్ళు దెప్పానండీ ఆయన్ని. ఇంట్లో ఏది తక్కువైనా, మీ జోరు వల్లే గదా మనకీ గతి అనేదాన్ని. ఒక్కనాడైనా నోరు మెదపలేదు."

నేను లేచాను. ఆవిడ గుమ్మం దాకా వచ్చారు.

"ఎల్లుండి శుద్ధయ్యాక వాకిట్లో కళ్ళాపి చల్లాలి," అన్నారు. "ఎలా చల్లమంటారండీ ఇంక నన్ను?"

వీధిలో అన్ని ఇళ్ళ ముందూ తడి ఉంది, ముగ్గులున్నాయి. చావింటి వాకిట్లో మాత్రం చుక్క నీళ్ళు చల్లలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పొడి నేల. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, ఉత్తికాళ్ళతో దాని మీద నడుచుకుంటూ వచ్చేశాను.