పదింటికి తెరిచే దారి

మా కాండో అపార్ట్‌మెంట్ల ప్రకటన బోర్డు మీద రాసింది అబద్ధమేమీ కాదు. స్కైట్రైన్ స్టేషన్ మూడు వందల మీటర్లే. నేను స్వయంగా కొలిచాను. పాప తోపుడు బండి ముందు చక్రానికి ఎర్ర దారం కట్టి, అది ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెడుతూ నడిచాను. మా టవర్ కింద కొత్తగా వచ్చిన దుకాణాల మధ్యనుంచి వెళ్ళి, లిఫ్టులో పైకెక్కి, అద్దాల వంతెన దాటితే టికెట్ల గేటు. మూడు వందల పన్నెండు మీటర్లు. ఎక్కడా ఒక్క మెట్టు లేదు. పాప పుట్టకముందే ఈ ఇల్లు కొనడానికి కారణం ఆ దారే.

బోర్డు మీద రాయనిది ఒకటుంది. ఆ దుకాణాల షట్టరు పదింటికి గానీ లేవదు. బ్యాంకాక్‌లో పదింటికి పనికి బయల్దేరేవాళ్ళు ఎందరుంటారు? ఆరింటికి వెళ్ళేవాళ్ళు సందు వెంట పెద్దరోడ్డు దాకా పోయి, అక్కణ్నుంచి మళ్ళీ స్టేషన్ వైపు తిరిగి రావాలి. అది పదకొండు వందల నలభై మీటర్లు. కాలిబాట మీద కరెంటు స్తంభాలు, పూలకుండీలు, పుల్లకి గుచ్చిన పంది మాంసం కాల్చే బళ్ళు. మిగిలిన చోట రోడ్డే.

అందుకే మా గేటు పక్కన, డబ్బు తీసుకుని మనుషుల్ని వెనక ఎక్కించుకెళ్ళే మోటారు సైకిళ్ళ అడ్డా బాగా నడిచేది. నారింజ రంగు జాకెట్లు వేసుకున్నవాళ్ళు పదకొండు మంది. అందులో ఆడమనిషి ఒక్కతే, నాలుగో నంబరు లమ్‌యాయ్ అక్క.

యాభై దాటిన మనిషి. సన్నగా, ఎండిన బెండకాయలా ఉంటుంది. అంతకుముందు పంతొమ్మిదేళ్ళు సిటీ బస్సులో కండక్టరు. ఆ రూటు ఎత్తేశాక ఈ పనిలోకి వచ్చింది. కండక్టర్లు చిల్లర, టికెట్లు పెట్టుకునే రేకు గొట్టాన్ని మాత్రం వదల్లేదు, బండి హ్యాండిల్‌కి వేలాడదీసుకుంది. హారన్ కొట్టాల్సిన చోట ఆ గొట్టాన్ని టకటకమనిపిస్తుంది. మా పాప ఫాయ్‌కి ఆ చప్పుడు వినబడితే చాలు, ఏడుపు ఆగిపోయేది. పాపని బండి మీద ఎక్కించుకోవడం నావల్ల కాదు, నాకు భయం. అందుకని పాపని నా పనిచోటు పక్కనున్న క్రెష్‌లో దింపడానికి రోజూ తోపుడు బండితో ఆ దారంతా నడిచేదాన్ని. లమ్‌యాయ్ అక్క పక్కనుంచి వెళ్తూ గొట్టం మోగించి, "మందులు కలిపే చెల్లీ, కుడివైపు లారీ!" అని అరిచేది. నేను మంచినీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తానని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకి నేను మందులు కలిపేదాన్నే.

అడ్డాలో ఒక చెక్క బోర్డు, దానికి వరసగా మేకులు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తమ నంబరు బిళ్ళ తగిలిస్తారు. ముందున్న బిళ్ళది వంతు. బోర్డు పైన ఒకటో నంబరు తవీ అన్న తన చేత్తోనే పెయింటుతో రెండు ముక్కలు రాశాడు: వంతు తప్పరాదు. వచ్చిన మనిషిని కాదనరాదు. రెండోది రాయడానికి కారణం, పెద్ద సామాను పట్టుకొచ్చినవాళ్ళని, లావుపాటివాళ్ళని కొందరు వెనక్కి పంపేస్తుండటమే.

జూన్ నెలలో ఒక సోమవారం తెల్లారకుండానే సా-ఇంగ్ అవ్వ తన చక్రాల కుర్చీని తానే తోసుకుంటూ అడ్డాకి వచ్చింది. ఒకప్పుడు నాటకాలవాళ్ళకి తళుకుల బట్టలు కుట్టిన మనిషి. మనవరాలికి విమానాశ్రయంలో రాత్రి డ్యూటీ. అవ్వకి వారంలో మూడు రోజులు ఏడింటికల్లా డయాలసిస్. ఆసుపత్రి నాలుగు స్టేషన్ల అవతల, రైలు దిగగానే ఉంటుంది. టాక్సీవాళ్ళు కుర్చీని చూడగానే గేరు మార్చి వెళ్ళిపోతున్నారట.

"ముందెవర్రా?" అంది అవ్వ.

"నేనే అవ్వా. ఎక్కడికి?" అంది లమ్‌యాయ్ అక్క.

"స్టేషన్‌కి. నీ బండి మీద కూర్చోబెడతావా? నడుం కింద ఏదీ నా మాట వినట్లేదు."

లమ్‌యాయ్ అక్క తన బండినీ, అవ్వ కుర్చీనీ ఒకసారి చూసింది. "నా బండెందుకు? నీ కింద నాలుగు చక్రాలున్నాయి, నాకున్నవి రెండేగా" అంటూ బండికి తాళం వేసి, గొట్టం చేతిలోకి తీసుకుని, కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడింది.

"అక్కా, అవ్వకి హెల్మెట్ మర్చిపోయావు!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ఆమె నిజంగానే హెల్మెట్ తెచ్చి అవ్వ తలకి పెట్టింది.

"ఇందులో ఎవరి తల వాసనే ఇది?" అంది అవ్వ.

"పొద్దుట్నుంచీ నువ్వే మొదటిదానివి. నిన్నటివాళ్ళ గురించి అడక్కు."

నేను తోపుడు బండితో వాళ్ళ వెనకే నడిచాను. మలుపు దగ్గర కాంక్రీటు లారీలు వస్తుంటే నేను పాప బండిని వెనక్కి లాక్కున్నాను. లమ్‌యాయ్ అక్క మాత్రం రోడ్డు మధ్య చెయ్యి చాచి గొట్టం మోగించి, "బస్సు తిరుగుతోంది! ఆగండి, ఆగండి!" అని కండక్టరు గొంతుతో అరిచింది. లారీ ఆగింది. వెనకాల నా బండి కూడా ఆ నీడలోనే దాటేసింది.

స్టేషన్ దాకా ఇరవై నాలుగు నిమిషాలు. తిరిగొచ్చేసరికి ఆమె బిళ్ళ చివరి మేకుకి చేరింది. మామూలు సవారీకి ఎంత తీసుకుంటుందో అంతే తీసుకుంది. అలా సోమ, బుధ, శుక్రవారాలు అవ్వ సరిగ్గా ఆమె వంతు వేళకే వచ్చేది. తర్వాత తెలిసింది, ఆ రోజుల్లో లమ్‌యాయ్ అక్క అందరికన్నా ముందు వచ్చి మొదటి మేకు పట్టుకునేదట.

నేనొక అర్జీ రాశాను. రెండు దారుల దూరాలూ, పట్టే నిమిషాలూ, నెల రోజుల సగటూ పెట్టి, ఆ షట్టరు పొద్దున్నే తెరవాలని. సంతకాలకి అడ్డాకి కూడా తీసుకెళ్ళాను. అది అక్కడికి తీసుకెళ్ళాల్సిన కాగితం కాదని నాకు తట్టనేలేదు.

తవీ అన్న చదివి తిరిగిచ్చేశాడు. "చెల్లెమ్మా, ఆ తలుపు పొద్దున్నే తెరిస్తే మా పొద్దుటి వంతులు సగం పోతాయి. మా కడుపు మేమే కొట్టుకోవాలా? పైగా దుకాణాల మేనేజరు గారు అడ్డాకి రేకుల కప్పు వేయిస్తానన్నారు."

లమ్‌యాయ్ అక్క కాగితం అందుకుని సంతకం పెట్టింది.

"నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు తవీ అన్న.

"వంతులు పోతాయన్నా. నాకు తెలీదనా? బస్సు ఆపకుండా పోతే స్టాపులో నిలబడినవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో డ్రైవరు చూడడు. వెనక తలుపు దగ్గర నిలబడి పంతొమ్మిదేళ్ళు నేనే చూశాను. ఇంక చూడలేను."

దుకాణాల మేనేజరు వొరవిత్ గారు నా అర్జీ చూసి, పట్టికలు చాలా బాగా వేశారని మెచ్చుకున్నారు. పదింటి ముందు కాపలాకి మనిషి లేడనీ, ఏదైనా పోతే ఎవరు జవాబు చెప్తారనీ అని, దాన్ని ఫైల్లో పెట్టేసుకున్నారు.

సెప్టెంబరులో వానలు గట్టిగా పట్టుకున్నాయి. ఒక శుక్రవారం పొద్దున సందులో పిక్కల దాకా నీళ్ళు. మురుగు కాలవ మూత ఎక్కడుందో, ఎక్కడ లేదో కనబడలేదు. అవ్వ కుర్చీ ముందు చక్రం ఒక కన్నంలోకి దిగి కుర్చీ ముందుకి ఒరిగింది. లమ్‌యాయ్ అక్క ఒంటిచేత్తో కుర్చీనీ అవ్వనీ కలిపి పట్టుకుంది. అవ్వ నీళ్ళలో పడలేదు. అక్క మణికట్టు మాత్రం మెలితిరిగింది. నేను వెనక నిలబడి పాప బండి చేతులు పట్టుకుని బిగుసుకుపోయాను. సాయానికి ఒక్క అడుగు ముందుకి వేయలేకపోయాను. అది నాకింకా గుర్తొస్తూనే ఉంటుంది.

ఆ రోజు అవ్వ చికిత్స తప్పిపోయింది. ఆదివారానికి కాళ్ళు ఉబ్బి, ఊపిరాడక ఆసుపత్రిలో చేరింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే మాట అన్నాడట, ఇంకోసారి తప్పితే మాత్రం నేను చెప్పలేను అని.

బుధవారం పాపకి ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని సెలవు పెట్టాను. మూడుసార్లు జ్వరం చూశాను, మూడుసార్లూ లేదు. పాపని ఎత్తుకుని కిందికి దిగేసరికి లమ్‌యాయ్ అక్క చేతికి కట్టుతో అడ్డా బల్ల మీద కూర్చుని ఉంది. బిళ్ళ తగిలించలేదు. అవ్వ వచ్చింది.

"ముందెవర్రా?"

మొదటి మేకుకి ఒకటో నంబరు వేలాడుతోంది. తవీ అన్న ఆ బోర్డు వైపు ఇంకెవరో రాసిన దానిలా చూశాడు.

"లమ్‌యాయ్, నువ్వు కొంచెం..."

"నాకు చెయ్యి లేదుగా అన్నా. బిళ్ళే తగిలించలేదు."

"పోనీ వెనకవాడు..."

"వంతు తప్పరాదు" అని వెనకవాడు బోర్డు మీది మొదటి వరస పైకి చదివాడు. ఇంకొకడు రెండో వరస అందుకున్నాడు. పది మందీ పగలబడి నవ్వారు.

తవీ అన్న పెద్ద బొజ్జ మనిషి. కుర్రతనంలో బాక్సింగ్ చేశానని చెప్పుకుంటాడు. కుర్చీ తోసుకుంటూ వాళ్ళు మలుపు తిరిగే దాకా అవ్వ గొంతు వినబడుతూనే ఉంది. "బాక్సింగ్ అన్నావు, అప్పుడే రొప్పుతున్నావేంట్రా? హెల్మెట్ ఏది? ఆ పిల్లయితే హెల్మెట్ పెట్టేది!"

తిరిగి రావడానికి యాభై నిమిషాలు పట్టింది. జాకెట్ వీపుకి అతుక్కుపోయి ఉంది. సీసా నీళ్ళు ఒక్క గుక్కలో తాగి, మూసి ఉన్న షట్టరు వైపు వేలు చూపించాడు.

"చెల్లెమ్మా, దీంట్లోంచి వెళ్తే ఎంత దూరమన్నావు?"

"మూడు వందల పన్నెండు మీటర్లు."

"నేనిప్పుడు నడిచింది?"

"పదకొండు వందల నలభై. వెళ్ళేటప్పుడు."

"ఆ మలుపు దగ్గర లారీవాడు ఆగలేదు. కుర్చీని గోడకి ఆనించి అడ్డంగా నిలబడ్డాను" అని నెమ్మదిగా అని, లమ్‌యాయ్ అక్క వైపు తిరిగాడు. "నాలుగు నెలలు ఇదే చేశావా? ఒక్క మాట కూడా అనలేదేం?"

"అంటే నమ్మేవాడివా?"

పదింటికి షట్టరు లేవగానే తవీ అన్న ముందు, లమ్‌యాయ్ అక్క వెనక, పాపని ఎత్తుకుని నేను ఆఖరున మేనేజరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మళ్ళీ కాపలా మనిషి సంగతే ఎత్తాడు.

"మేం ఐదున్నరకే ఉంటాం కదా సార్" అంది లమ్‌యాయ్ అక్క. "పదకొండు మందిమి. జాకెట్ మీద నంబరుంది, జిల్లా ఆఫీసులో మా ఫొటోలున్నాయి. తాళం చెవి మాకివ్వండి. ఎవరి బిళ్ళ ఆఖరున ఉంటే వాళ్ళు ఆరింటికి షట్టరు ఎత్తి, పదింటిదాకా అక్కడ నిలబడతారు. ఏదైనా పోతే మా జాకెట్లు తీసేసుకోండి."

"దీనివల్ల నష్టపోయేది మీరే కదమ్మా?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

"అవును సార్. మీరైతే బాగుపడతారు. మీ రొట్టెల కొట్టు పిల్ల పదింటిదాకా ఈగలు తోలుతూ కూర్చుంటుంది. పొద్దున్నే రెండు వందల మంది ఆ కొట్టు ముందునుంచి నడిస్తే, వాసనకే సగం మంది ఆగిపోతారు."

మేనేజరు రొట్టెల కొట్టు వైపు చూశాడు. కౌంటరు వెనక ఆ అమ్మాయి తల గట్టిగా ఊపుతోంది. ఒక నెల చూద్దామన్నాడు.

ఆ తర్వాతి సోమవారం ఆరింటికి షట్టరు ఎత్తింది లమ్‌యాయ్ అక్కే. ఒంటిచేత్తో లేవకపోతే తవీ అన్న కింద భుజం పెట్టాడు. లోపల ఏసీ లేదు, లైట్లు సగమే వెలిగాయి. రొట్టెల కొట్టు నుంచి వెన్న వాసన వస్తోంది. అవ్వ అడ్డా దగ్గర ఆగి అలవాటుగా "ముందెవర్రా?" అని అడిగింది.

"ఎవరూ అక్కర్లేదు, నువ్వే పో" అంది లమ్‌యాయ్ అక్క.

అవ్వ చక్రాలు తిప్పుకుంటూ నున్నటి నేల మీద లిఫ్టు దాకా ఒక్కతే వెళ్ళింది. వెనక నేను, నా వెనక ఆఫీసు బట్టల్లో ఓ పాతిక మంది. వాళ్ళలో ఎక్కువమంది నిన్నటిదాకా నారింజ జాకెట్ల వెనక కూర్చుని వెళ్ళినవాళ్ళే. లమ్‌యాయ్ అక్క ఒక్కొక్కరినీ చూస్తూ నిలబడింది. లోపలికెళ్ళే ప్రతి మనిషికీ గొట్టం టకమనిపించింది. ఆ పొద్దున ఎనిమిదింటిలోపు అడ్డాలో కదిలిన బిళ్ళలు మూడే.

సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి అక్క ఫోను చెవికి పెట్టుకుని పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఏమైందని అడిగితే పొద్దుటి సంగతంతా చెప్పింది. అవ్వ ఆరూ ఇరవైకే ఆసుపత్రిలో దిగిపోయిందట. నలభై నిమిషాల ముందు. అక్కడి గది తలుపు ఇంకా తీయలేదట. వరండాలో కుర్చీలో కూర్చుని అప్పట్నుంచీ అక్కకి ఫోన్లమీద ఫోన్లు చేసి తిడుతూనే ఉందట. ఇప్పుడు మళ్ళీ చేసింది, ఇంటికొచ్చాక కూడా ఆ కోపం తీరలేదు.

"అయితే ఏం చేయమంటావే అవ్వా," అంటోంది ఫోనులో లమ్‌యాయ్ అక్క కళ్ళు తుడుచుకుంటూ, "ఆ తలుపు తాళం కూడా నన్నే అడగమంటావా?"