చాటలో తెల్లరాయి

కమలనగర్ నుంచి మధ్యాహ్నం రైలుకు మనిషి వచ్చాడు. మా అక్క పుట్టింటికి పోయి ఉంది. ఆమె తమ్ముడి ఇంట్లో పనిచేసే మనిషి. గడపలో నిలబడి నోరు తెరవబోతే నేనే ఆపాను. "ముందుగాల కాళ్లు కడుక్కో. నీళ్లు తాగినంక చెప్పుదువు," అన్నాను. అతను ఒకసారి నా ముఖం చూసి, గోలెం దగ్గరికి పోయి కాళ్లు కడుక్కున్నాడు. అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లూ మెల్లగా తాగాడు. చెంబు కింద పెట్టాక అన్నాడు.

"పెద్దమ్మ పోయిందమ్మా. పొద్దుగాల వాకిలూడ్చింది, చీపురు మూలకు పెట్టింది, గోడకానుకొని కూసున్నది. కూసున్నది కూసున్నట్టే పోయింది."

బయటినుంచి ఎవరు వచ్చినా కాళ్లు కడిగి నీళ్లు తాగేదాకా ఏ కబురూ విననిది మా అక్కే. ఆ అలవాటు ఆమె నుంచి నాకు అంటుకుంది. కాబట్టి ఆ చెంబెడు నీళ్లు తాగినంతసేపూ ఆమె నాకు బతికే ఉంది. ఆమె నాకు చేసిన మేళ్లలో అది చివరిది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా ఆయన అన్నగారి భార్య, నా పెద్ద తోడికోడలు. మా వైపు యారాలు అంటారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. మా ఇంట్లో ఆ చిక్కు రాలేదు, ఎందుకంటే కత్తిని నేనొక్కదాన్నే.

నా పుట్టిల్లు జహీరాబాద్. బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తల్లో నేను ఈ ఊరికి కాపురానికి వచ్చాను. అప్పటికి పన్నెండేళ్ల ముందే అక్క కమలనగర్ నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. బావగారు, మా ఆయన కలిసి గంజిలో, అంటే ధాన్యం బజారులో, పప్పుల దుకాణం నడిపేవారు. నా కోపం సంగతి దాచి లాభం లేదు. నన్ను అత్తవారింటికి పంపేనాడు మా అమ్మ నన్ను చూసి ఏడవలేదు, వీళ్లను తలుచుకుని ఏడ్చింది. పాలు పొంగినా, పిలిస్తే పలకకపోయినా, ఎవరో ఎక్కడో నవ్వినా నాకు తల తిరిగేంత కోపం వచ్చేది. వచ్చింది వచ్చినట్టు నోట్లోంచి బయటపడేది. తర్వాత రెండు రోజులు నేనే అన్నం సహించక పడుకునేదాన్ని.

అక్క మాత్రం రోజంతా చిన్న చిన్న పనులను పట్టుకుని నడిచేది. లేవగానే పొయ్యి వెలిగించదు, ముందు తూర్పు కిటికీ తెరుస్తుంది. నిలబడి నీళ్లు తాగదు. మధ్యాహ్నం తిన్నాక బొంత ముందేసుకుని ఇంట్లో పెళ్లయినా సరే ఒక్క వరుస కుట్టు వేస్తుంది, రెండో వరుస వేయదు. కరెంటు వచ్చాక కూడా సందె వేళకు కందిలి గాజు తుడిచి పెట్టేది. "కరెంటు బుగ్గలున్నయి గదా, ఇంకెందుకక్కా?" అంటే, "కరెంటు పోతెనే కందిలి యాదికొస్తది. తుడుసుడు మాత్రం రోజు యాదుండాలె," అనేది. ఎవరైనా హడావిడి పడుతుంటే, "తొందరుంటే కూసో," అనేది. ఏదైనా చేయి జారితే, పుట్టింటి మరాఠీ గాలి సోకిన మనిషి కదా, "అసూ దే" అని చేతులు దులుపుకునేది. పోనీ, ఉండనీ అని దానర్థం.

దేవత అనుకునేరు. నస్యం పీల్చేది. ఆ డబ్బీ ఎప్పుడూ బొడ్లో ఉండేది. అష్టాచెమ్మాకు కూర్చుంటే పచ్చి మోసం. చింతగింజలు వేసే చేతిని నేను కన్నార్పకుండా చూస్తుండగానే నా కాయను ఒక గడి వెనక్కి జరిపేది. పట్టుకుంటే, "ముసల్దాన్ని, కండ్లు కనవడవు," అనేది. అప్పటికి ఆమెకు ముప్పై కూడా దాటలేదు.

ఆమె నెమ్మదిని చూసి నాకు ఈర్ష్య పుట్టింది. ఒక ఉగాదికి నేనూ మారాలనుకుని కాగితం మీద పది నియమాలు రాసుకున్నాను. తెల్లారకముందు లేవడం, గట్టిగా మాట్లాడకపోవడం, రోజూ ఒక పేజీ కన్నడం నేర్చుకోవడం, ఇంకా ఏవేవో. మూడోనాటికి పాలు మాడాయి, గిన్నె విసిరాను, కాగితం పొయ్యిలోకి పోయింది. అక్క పొయ్యి ముందు కూర్చుని నవ్వింది.

"అన్ని ఒక్కపారి పట్టుకుంటే చేతులు చాల్తయా చెల్లె? ఒక్కటి పట్టు. అది నిన్ను పట్టినంక ఇంకోటి."

"ఏది పట్టాలె మరి?"

ఆమె చాట నా ముందుకు జరిపింది. చుట్టుపక్కల చిమ్కోడ్, బగ్దల్ ఊళ్ల రైతుల దగ్గర కొన్న కందులు మావి. అప్పట్లో పప్పును ఇంట్లోనే విసురుకుని, ఇంట్లోనే ఏరుకునేవాళ్లం. బీదర్ ఎర్రమట్టి గడ్డలు, మొరం రాళ్లు పప్పులో కలిసి ఉండేవి. "కోపమొచ్చినప్పుడు ఒక చాట ఏరు. ఒడిసినంక ఎవర్నన్న ఎంతన్న అను. నేనొద్దన," అంది. ఇంత తేలికదా అనుకున్నాను. ఆ ఒక్కటే పట్టుకున్నాను.

నాకు కొడుకు పుట్టాడు. తొట్టెలలో వేసిన రోజు ఇల్లంతా చుట్టాలు. అక్క కనిపించకపోతే వెతుక్కుంటూ పోయాను. వెనకింట్లో ఒక్కతే కూర్చుని పప్పు ఏరుతోంది. అంతమందికి వంట కదా, పప్పు సరిపోలేదు కాబోలు అనుకున్నాను. "అక్కా, పాట పాడాలంట, రా," అంటే, "నువ్వు నడువు, ఇది ఒడిసినంక వస్త," అంది. వచ్చింది, అందరికంటే గట్టిగా పాడింది కూడా. ఆమెకు పిల్లలు లేరని నేను చెప్పలేదు కదూ. ఆ రోజు నాకూ అది గుర్తు రాలేదు.

బాబుకు ఏడాది నిండాక ఒకసారి జ్వరం తగిలింది. మూడు రోజులు అక్క ఒళ్లోనే పడుకున్నాడు. నాలుగోనాటి పొద్దున కళ్లు తెరిచి, నేను పక్కనే ఉండగా, ఆమెను చూసి "అమ్మా" అన్నాడు. వాడు ఆ మాట అనడం అదే మొదలు. నేను చేతులు చాపితే ముఖం తిప్పుకుని ఆమె మెడ పట్టుకున్నాడు. పలకరించడానికి వచ్చిన పొరుగింటామె నవ్వి, "కన్నతల్లి ఎవరో, పెంచినతల్లి ఎవరో," అంది.

అంతే. అప్పటికే నెల రోజులుగా వేరు కాపురం పెట్టమని మా ఆయన ప్రాణం తీస్తున్నాను. పొరుగింటామె గడప దాటేదాకా ఆగి, ఈరోజు తేలిపోవాల్సిందే అని లేచాను. నా నోట్లో ఒక మాట సిద్ధమైంది. పిల్లలు లేని ఆడదాన్ని లోకం అనే మాట. నేను ఆ మాట అంటే అన్నదమ్ముల దుకాణం, ఈ వంటిల్లు, అన్నీ రెండవుతాయని నాకు తెలుసు. తెలిసే అనబోయాను.

అక్క బాబును పక్క మీద పడుకోబెట్టింది. నా ముఖం వైపు చూసింది. గూట్లోంచి చాట తీసి పప్పు పోసి నా ముందు పెట్టింది.

"ఈ చాట ఒడవనీ. నేనెటు పోత? ఈడ్నే కూసుంట. ఒడిసినంక అను."

విసురుగా కూర్చున్నాను. ఆ రోజు పప్పులో ఎక్కడ చూసినా రాళ్లే. ఏరినకొద్దీ వచ్చాయి. మధ్యలో నీళ్లకని లేచి వచ్చి మళ్లీ ఏరాను. ఆమె ఎదురుగా కూర్చుని కదలకుండా చూసింది. ఎంతసేపు పట్టిందో తెలియదు. చాట అయ్యేసరికి వెన్ను నొప్పి పుట్టింది, కళ్లు మండుతున్నాయి. ఆ మాట కోసం వెతికితే అది నోట్లో లేదు. బాబు లేచి ఏడ్చాడు. ఈసారి ఎత్తుకుంటే నా దగ్గరికే వచ్చాడు. ఆకలి వేసింది కదా, పాలున్నది నా దగ్గర.

వేరు కాపురం మాట నేను మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నాకు ఒక అనుమానం వచ్చింది. ఏరిన రాళ్లలో ఒకటి తెల్లటి పలుగురాయి ముక్క, నడుమ ఎర్రటి చార. సోమవారం ఏరాను. గురువారం మళ్లీ అదే. వారం తిరిగాక మళ్లీ అదే. ఏరిన రాళ్లను ఆకులో పెడితే, "పారబోసొస్త" అని అక్క తీసుకుపోయేది. ఒకరోజు నీళ్లకని లేచినట్టు లేచి, తలుపు సందులోంచి చూశాను. ఆమె బొడ్లోంచి ఇంకో డబ్బీ తీసింది. గుప్పెడు రాళ్లు నా చాటలో చల్లింది. అష్టాచెమ్మాలో నా కాయ జరిపే చెయ్యే అది, అంత నేర్పుగానే చల్లింది. తర్వాత గమనిస్తే, నా కోపం ఎంత పెద్దదో రాళ్లు అన్ని ఎక్కువ ఉండేవి. కొలత ఎప్పుడూ తప్పలేదు.

నాకు కోపం రావాలి కదా. వచ్చింది. వచ్చి పప్పు ఏరుకున్నాను.

చాలా ఏళ్లు ఆ సంగతి అడగలేదు. బావగారు పోయిన ఏడాది, ఒక మధ్యాహ్నం ఆమె బొంత కుడుతుంటే ఊరికే అడిగాను. "అక్కా, ఆ తెల్లరాయి ఏడ దొరికింది నీకు?"

సూది ఆగింది. తర్వాత ఆమె నవ్విన నవ్వుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎన్నడు పట్టినవే?"

"పదేండ్లాయె."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే ఇగ వేయవు గదా."

ఆమె కళ్లు తుడుచుకుంది. "అవి నీకోసం పోగేసినయి కావు చెల్లె. నువ్వు రాకముందటియి. పండుగకు, పబ్బానికి, ఎవరింట్ల తొట్టెలేసినా నాకొక మాట వినవడేది. ఇంటికొచ్చి చాట పట్టుకునేదాన్ని. మన పప్పుల రాళ్లు తక్వ, నా దుక్కం ఎక్వ. అందుకని ఏరినయే మల్ల కలుపుకునేదాన్ని."

నాకు తొట్టెల రోజు గుర్తొచ్చింది. వెనకింట్లో ఆమె ఏరుతున్న పప్పు నిజానికి అంతకుముందు రోజు నేనే ఏరి పెట్టింది. బాబు జ్వరం నాటి సంగతి చెప్పి క్షమించమందామని, "అక్కా, ఆ దినం నేను ఒక మాట..." అన్నాను.

"ఎరికే," అంది. "అది నాకు కొత్త మాటనా? నాకోసం ఆపలే. నీకోసం ఆపిన. అన్నంక నువ్వు ఎట్ల బతుకుతవు?"

సూది మళ్లీ కదిలింది. ఆ రోజుకు వేయాల్సిన వరుసలో ఇంకా జానెడు మిగిలి ఉంది. అది పూర్తి చేసి బొంత మడిచింది.

రాష్ట్రం పేరు కర్ణాటక అయి కొన్నేళ్లే అయింది. మా వీధిలో బోర్డులన్నీ మారాయి. గంజిలో మిషన్ పప్పు వచ్చింది, ఎంత వెతికినా అందులో రాయి ఉండదు. నా కొడుక్కి మీసాలు వస్తున్నాయి, కోపం మాత్రం వాడికి పుట్టుకతోనే వచ్చింది, నా నుంచి. అక్కకు తలకొరివి పెట్టింది వాడే. కమలనగర్ నుంచి సాయంత్రానికి ఆమెను ఇంటికి తెచ్చాక, వాడు ఎవరూ చెప్పకుండానే ముందుకు వచ్చి నిలబడ్డాడు.

దినాల నాడు ఇల్లంతా చుట్టాలు. మా అత్తగారి చెల్లెలు, చిన్నత్త, బగ్దల్ నుంచి వచ్చింది. వరండాలో కూర్చుని విస్తళ్ల వరుసలు చూసి, పక్కామెతో అంది. "గొడ్రాలికి ఇంత కర్మనా? ఎవ్వరి కోసమని?"

ఏళ్ల కింద నేను మింగిన మాట. ఆ ఇంట్లో చివరికి పలకనే పలికింది, అదీ ఆమె దినాల నాడు. చిన్నత్త కొడుకుల గురించి, వాళ్లు ఆమెను చూసుకునే తీరు గురించి, నా నోట్లో నాలుగు మాటలు ఒక్కసారే తయారయ్యాయి. అన్నీ నిజాలే. నిజాలే ఎక్కువ కోస్తాయి.

వంటింట్లోకి పోయాను. గూట్లో చాట ఉంది. పొయ్యి వెనక అరలో ఆమె రాళ్ల డబ్బీ ఉంది. కమలనగర్‌కు దాన్ని తీసుకుపోలేదు. పుట్టింట్లో అవసరం పడదనుకుందో, నాకు పడుతుందనుకుందో. మిషన్ పప్పు రెండు సోలలు పోసి, డబ్బీలో రాళ్లన్నీ అందులో గుమ్మరించాను. వరండాలోకి వచ్చి చిన్నత్త ఎదుటే కూర్చున్నాను.

"ఏందే, బువ్వలేళకు పప్పేరుతున్నవు?"

"జర ఆగు చిన్నత్తా. ఈ చాట ఒడవనీ."

ఆమె ఆగింది. చుట్టాలు అటూ ఇటూ తిరుగుతున్నారు. నేను ఏరుతూనే ఉన్నాను. కాసేపటికి నా కొడుకు వచ్చి ఎదురుగా కూర్చుని, ఏమీ అడగకుండా తనూ ఏరడం మొదలుపెట్టాడు. నున్నగా గీయించిన తల, భుజం మీద తడి తువ్వాల. వాడి దవడ బిగిసి ఉంది. చిన్నత్త మాట వాడూ విన్నాడు. ఇద్దరం ఏరుతుంటే ఆ దవడ నెమ్మదిగా వదులైంది. నాలోని నాలుగు మాటలూ ఎటు పోయాయో తెలియదు. అప్పుడు తలెత్తి అన్నాను.

"ఎవ్వరి కోసమంటివి గదా చిన్నత్తా? ఇగో, వీడి కోసం. వీడు మొదటిపారి అమ్మ అని పిలిచింది నన్ను కాదు, ఆమెను."

చిన్నత్త వాడి గుండు వైపు చూసింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

రాళ్లన్నీ ఆకులోకి చేరాయనుకుని నేను చాట ఎత్తబోయాను. వాడు నా చేయి పట్టి ఆపాడు.

"ఇంకున్నదమ్మా. తెల్లది రాలే," అన్నాడు. "పెద్దమ్మ నాకు చాటిచ్చినప్పుడు గూడ అంతే. అది ఎప్పుడూ ఆఖరికే దొరుకుతది."

నేను వాడి ముఖం చూశాను. తర్వాత చాట మళ్లీ కింద పెట్టాను. ఇద్దరం తలలు వంచి, ఆ పచ్చటి పప్పులో వేళ్లతో మెల్లగా వెతుకుతూ కూర్చున్నాం.